డెకార్ట్ వాదన చక్రంలో ఇరుక్కుందా? నిజానికీ నిశ్చయానికీ మధ్య ఉన్న దూరం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. స్పష్టంగా, వివిక్తంగా (అంటే వేరే దేనితోనూ కలగలవకుండా) తోచినదల్లా నిజమే అంటాడు పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్. ఆ సూత్రానికి పూచీ ఎవరంటే, మోసం చెయ్యని దేవుడు అంటాడు. ఆ దేవుడున్నాడని ఎలా తెలుసంటే, అది స్పష్టంగా, వివిక్తంగా తోచింది కాబట్టి. ఇది ‘పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు’ అన్నట్టు ఉంది కదా అన్నది మీ మొదటి సందేహం. జ్ఞానమంటే మన భావాల మధ్య పొందికను చూడటమే అని ఆయన తర్వాతి ఇంగ్లీషు తత్వవేత్త లాక్ అన్నాడు. అలాగైతే పిచ్చివాడి ఊహలకూ జ్ఞానానికీ తేడా ఏమిటన్నది రెండోది. వీళ్ళలో ఎవరైనా అసలు సత్యమంటే ఏమిటో చెప్పారా అన్నది మూడోది. సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్‌గా తీసుకున్నానని, ఈ చాప్టర్ దగ్గర టెన్షన్‌గా ఉందని రాశారు. ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఈ పేపరే చెప్పాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సూటి జవాబు ఇది. డెకార్ట్ వాదనలో మీరు చెప్పినంత మోటు చక్రం లేదు. కానీ దాన్నుంచి తప్పించుకోవడానికి ఆయన పెద్ద మూల్యమే చెల్లించాడు: ఆయన చేతికి దక్కింది నిశ్చయం, నిజం కాదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే ఆ తర్వాతి నూట నలభై ఏళ్ళ ఐరోపా జ్ఞానమీమాంసకు (జ్ఞానమంటే ఏమిటి, అది ఎలా కలుగుతుంది అన్న విచారణకు) ముడిసరుకు. లాక్ దగ్గర మీకు వచ్చిన ఇబ్బంది కూడా అదే.

మూడో ప్రశ్నను ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది తేలితే మిగతా రెండూ తేలికవుతాయి. సత్యమంటే ఏమిటి అన్నదాని మీద ఆ కాలం వాళ్ళలో పెద్ద తగాదా లేదు. హెర్బర్ట్ అనే ఇంగ్లీషు ప్రభువు 1624లో సత్యం మీద ఒక పెద్ద గ్రంథం వేశాడు. దాని గురించి డెకార్ట్ 1639 అక్టోబరులో తన మిత్రుడు మెర్సెన్‌కు రాసిన ఉత్తరం ఒకటి ఉంది. సత్యం అనే భావం ఎవరికీ తెలియకుండా ఉండే వీలే లేదని, భాష రానివాడికి ఆ మాట అర్థం చెప్పాలంటే ‘ఆలోచన దాని విషయంతో సరిపోలడం’ అనవచ్చని, అంతకు మించిన నిర్వచనం వల్ల ఒరిగేదేమీ లేదని అందులో అంటాడు. డెకార్ట్ తర్వాతి తరం డచ్చి తత్వవేత్త స్పినోజా కూడా తన ‘నీతిశాస్త్రం’ మొదటి భాగంలో, నిజమైన భావం తన విషయంతో సరిపోవాలని ఒక స్వయంసిద్ధ సూత్రంగా పెట్టి ముందుకు పోతాడు. లాక్‌కు సత్యమంటే, వస్తువులు ఎలా పొసగుతాయో, ఎలా పొసగవో అలాగే వాటి గుర్తులను కలపడం, విడదీయడం. చివరికి 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా, జ్ఞానం తన విషయంతో సరిపోవడమే సత్యమన్న నిర్వచనాన్ని ఒప్పుకున్నట్టే భావించి, అసలు అడుగుతున్నది దాన్ని గుర్తుపట్టే సార్వత్రిక ప్రమాణం గురించి కదా అంటాడు.

అంటే తగాదా అంతా ఆ గుర్తుపట్టడం మీదే. నిజం అంటే ఏమిటి అన్నది ఒక ప్రశ్న, ఇది నిజమని ఎలా పోల్చుకుంటాం అన్నది ఇంకో ప్రశ్న. బంగారమంటే ఏమిటో చెప్పగలగడం వేరు, చేతిలో ఉన్నది బంగారమో కాదో గీటురాయి మీద తేల్చడం వేరు. పరీక్ష పేపర్లు దిద్దినన్నాళ్ళూ నాకు ఎక్కువగా కనిపించిన పొరపాటు ఈ రెంటినీ కలిపేయడమే. ‘డెకార్ట్ ప్రకారం సత్యం అంటే స్పష్టత, వివిక్తత’ అని రాస్తారు. కాదు. అవి ఆయనకు గీటురాయి మాత్రమే.

ఆ గీటురాయి అవసరం ఎందుకొచ్చిందో కొంచెం చూడాలి. సెక్స్టస్ ఎంపిరికస్ అనే ప్రాచీన గ్రీకు సంశయవాది పుస్తకం 1562లో లాటిన్‌లో అచ్చయింది. అప్పటికే బైబిల్‌కు అర్థం చెప్పే అధికారం చర్చిదా, చదివేవాడి మనస్సాక్షిదా అని ఐరోపా రెండుగా చీలి కొట్టుకుంటోంది. ఏ వర్గం చెప్పిన గీటురాయిని ఒప్పుకోవాలన్నా దాన్ని పరీక్షించడానికి ఇంకో గీటురాయి కావాలి. సెక్స్టస్ వాదనలు సరిగ్గా ఆ పుండు మీదే తగిలాయి. ఫ్రెంచి రచయిత మాంటేన్ తన వ్యాసాల్లో దీన్ని తేటగా చెప్పాడు: కనిపించేవాటిని తూచడానికి ఒక పరికరం కావాలి, ఆ పరికరం సరైనదని తేలాలంటే రుజువు కావాలి, ఆ రుజువును పరీక్షించాలంటే మళ్ళీ పరికరం కావాలి, కాబట్టి మనం చక్రంలో ఉన్నాం అని. డెకార్ట్ పుట్టేనాటికి (1596) ఈ చక్రం సిద్ధంగా ఉంది. ఇలాంటి చక్రాన్ని బద్దలు కొట్టడానికి బయలుదేరినవాడు అదే చక్రంలో తనకు తెలియకుండా పడిపోయాడని అనుకోవడానికి నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. కనీసం ఏం జవాబు చెప్పాడో వినాలి.

విద్యార్థులు డెకార్ట్ ముఖ్య గ్రంథం ‘ధ్యానాలు’ చదివి ఆపేస్తారు. 1641లో పారిస్‌లో ఆ పుస్తకం అచ్చయినప్పుడు దానితో పాటే ఆరు జతల ఆక్షేపణలు, వాటికి డెకార్ట్ జవాబులు కూడా వచ్చాయి. మీరు అడిగిన ఆక్షేపణ నాలుగో జతలో ఉంది. వేసింది ఆంటువాన్ ఆర్నో అనే యువ పండితుడు, అప్పటికి ముప్పై ఏళ్ళు నిండనివాడు. సరిగ్గా మీ మాటే: దేవుడున్నాడు కాబట్టి స్పష్టమైనవి నిజం, స్పష్టంగా తోస్తోంది కాబట్టి దేవుడున్నాడు, దీన్ని ఈ రచయిత ఎలా తప్పించుకుంటాడు? అంటే మూడువందల ఎనభై ఏళ్ళ కిందట ఒక గొప్ప బుర్రకు తట్టిన ప్రశ్నే మీకూ తట్టింది. మన తర్క పరిభాషలో అయితే, రెండే అంశాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడటం కాబట్టి ఇది అన్యోన్యాశ్రయ దోషం. చక్రకం అనాలంటే మూడు కావాలి.

డెకార్ట్ జవాబు ఏమిటంటే, ఇప్పుడు స్పష్టంగా చూస్తున్నది వేరు, ఒకప్పుడు స్పష్టంగా చూశామని గుర్తున్నది వేరు. దేవుడి పూచీ అవసరమయ్యేది రెండోదానికి.

ఈ వాక్యం చదివితే ఏమీ అర్థం కాదు. నేను క్లాసులో ఇలా చేసేవాణ్ణి. బోర్డు మీద త్రిభుజం గీసి, పైశీర్షం గుండా భూమికి సమాంతరంగా ఒక గీత గీసి, ఏకాంతర కోణాలు సమానం కాబట్టి మూడు కోణాలూ కలిసి రెండు లంబకోణాలు అని ఒక్కో మెట్టూ చూపించేవాణ్ణి. ‘ఇప్పుడు ఎవరికైనా అనుమానం ఉందా?’ అంటే చెయ్యెత్తేవాళ్ళు ఉండేవారు కాదు. బోర్డు తుడిచేసి మర్నాడు అడిగేవాణ్ణి: ‘మూడు కోణాల మొత్తం అంతేనా, ఖాయమేనా?’ ‘ఖాయమే సార్, నిన్న చేశాం కదా.’ ‘నిన్న మీకు అలా తోచింది. స్పష్టంగా తోచే విషయాల్లో కూడా పొరబడేలా మీ బుద్ధినే ఎవరో తయారుచేసి ఉంటే?’ క్లాసు సద్దుమణిగేది. ఒక సంవత్సరం ఒకమ్మాయి లేచి, ‘సార్, బోర్డు మీద మళ్ళీ చేస్తే అనుమానం పోతుంది, తుడిచేస్తే మళ్ళీ వస్తుంది’ అంది. మూడో ధ్యానం మొదట్లో డెకార్ట్ చెప్పేది అక్షరాలా ఇదే. విషయం వైపు తిరిగినప్పుడు అనుమానించలేడు. సర్వశక్తిమంతుడైన మోసగాడు ఒకడుంటే అన్న ఆలోచన వైపు తిరిగినప్పుడు అనుమానించకుండా ఉండలేడు.

ఇప్పుడు దేవుడు చేసే పనేమిటో చూడండి. కళ్ళ ముందున్న రుజువుకు ఆయన అదనపు బలం ఇవ్వడం లేదు. అనుమానానికి ఉన్న ఒకే ఒక్క కారణాన్ని, అంటే ‘నన్ను మోసగాడు సృష్టించి ఉండొచ్చు’ అన్నదాన్ని తీసేస్తున్నాడు. దేవుడున్నాడన్న రుజువును కూడా చూస్తున్నంతసేపూ అనుమానించలేం. ఆ చూపులోనే మోసగాడి ఊహ కూలిపోతుంది. అది కూలాక నిన్నటి త్రిభుజాన్ని ఇవాళ అనుమానించడానికి కారణం మిగలదు. అందుకే నాస్తికుడైన గణితవేత్తకు త్రిభుజం గురించి స్పష్టంగా తెలుసు గానీ, అది కదలని శాస్త్రజ్ఞానం కాదని రెండో జవాబుల్లో (అంటే రెండో జత ఆక్షేపణలకు ఇచ్చిన జవాబుల్లో) డెకార్ట్ అంటాడు. ఎవరైనా వచ్చి కదిపితే కదులుతుంది అని దాని అర్థం.

ఇక్కడొక హెచ్చరిక. గైడ్లలో ‘దేవుడు మన జ్ఞాపకశక్తికి హామీ ఇస్తాడు’ అని ఉంటుంది. అలా రాయకండి. మనం తప్పుగా గుర్తుపెట్టుకోము అని డెకార్ట్ ఎక్కడా వాదించలేదు, మనుషులు మర్చిపోతారని ఆయనకు తెలియనిది కాదు. సరిగ్గానే గుర్తున్నా, అప్పుడు తోచింది నిజమేనా అన్నదే ఆయన సమస్య. నేను కూడా మొదటి కొన్నేళ్ళు గైడులో ఉన్నట్టే చెప్పాను. ఆక్షేపణలు, జవాబులు పూర్తిగా చదివాక గానీ నా తప్పు నాకు తెలియలేదు. అప్పటి విద్యార్థులకు సరిదిద్ది చెప్పే అవకాశం రాలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

మరి మూల్యం ఏమిటి? రెండో జవాబుల్లోనే ఒక చోట డెకార్ట్ అంటాడు: మనం ఇంత గట్టిగా, అనుమానమే రానంతగా నమ్మినది దేవుడికో దేవదూతకో అబద్ధంగా కనబడుతుందని, కాబట్టి అది పరమార్థంలో అబద్ధమని ఎవరైనా ఊహిస్తే మనకేమిటి? ఆ అబద్ధాన్ని మనం నమ్మడం లేదు, దాని ఛాయ కూడా మనకు తగలడం లేదు కదా అని. నా దృష్టిలో ఆ పుస్తకం మొత్తంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన చోటు. ఇక్కడ ఆయన నిజం నుంచి వెనక్కి తగ్గి, కదలని నిశ్చయంతో సరిపెట్టుకుంటున్నాడు. ఆలోచన వస్తువుతో సరిపోవడమే సత్యమని మెర్సెన్‌కు రాసిన మనిషే, ఆ సరిపోలికను బయటి నుంచి చూడటం మనవల్ల కాదని ఒప్పుకుంటున్నట్టు లెక్క. దీన్ని ఓటమి అనేవాళ్ళున్నారు. నేను నిజాయితీ అంటాను.

చక్రం కన్నా బలహీనమైన చోటు ఇంకొకటుంది. దేవుడి రుజువులో ఆయన వాడిన మెట్టు: ఒక భావంలో ఎంత వాస్తవికత చిత్రించి ఉందో, దాని కారణంలో కనీసం అంత వాస్తవికత ఉండాలి అన్నది. ఇది రెండూ మూడూ ఐదు అన్నంత స్పష్టంగా తోస్తుందా? నాకైతే ఎన్నిసార్లు చదివినా తోచలేదు. ఆక్షేపణలు వేసినవాళ్ళలో హాబ్స్, గసాండీ కూడా దేవుడి భావం మీదే, ఆ రుజువు మీదే గట్టిగా తగులుకున్నారు. చక్రం ఉందా లేదా అని మూడు పేజీలు రాసేకన్నా ఈ మెట్టును పరీక్షిస్తే మీ జవాబు బాగుంటుంది.

స్పష్టత అన్న గీటురాయినే అనుమానించినవాడు జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్. 1684లో జ్ఞానం, సత్యం, భావాల గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో ఉదాహరణ: ‘అన్నిటికన్నా వేగమైన కదలిక’. మాట వినగానే అర్థమైనట్టే ఉంటుంది కదా? ఒక చక్రం ఆ వేగంతో తిరుగుతోందనుకోండి. దాని ఆకు (ఊచ) ఒకదాన్ని అంచు దాటి బయటికి పొడిగిస్తే, ఆ కొస అంచు కన్నా వేగంగా కదులుతుంది. అంటే అన్నిటికన్నా వేగమైనదాని కన్నా వేగమైనది! భావంలోనే వైరుధ్యం ఉంది, మనకు కనబడలేదు. కాబట్టి స్పష్టంగా తోచిందన్న మాట చాలదు, భావాన్ని విడగొట్టి అందులో వైరుధ్యం లేదని చూపించాలి అంటాడు. సైకిల్ చక్రాన్ని బోర్డు మీద గీసి ఇది చెప్తే వెనక బెంచీ కూడా లేచి కూర్చునేది.

స్పినోజా మాత్రం గీటురాయి బయట వెతకడమే పొరపాటన్నాడు. వెలుగు తనను తాను చూపిస్తూ చీకటిని కూడా చూపించినట్టు, సత్యం తనకూ అసత్యానికీ తానే ప్రమాణం. ఇది చదివినప్పుడు మీకు మీమాంసకుల స్వతఃప్రామాణ్యం గుర్తొస్తే అది సహజమే. జ్ఞానం తనంతట తానే ప్రమాణం, అప్రామాణ్యమే బయటి నుంచి తేలాలి అని వాళ్ళు, కాదు, నీళ్ళని చూసి వెళ్ళి తాగితే దాహం తీరాలి, అప్పుడే తేలుతుంది అని నైయాయికులు వాదించుకున్నారు. పోలిక అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది గానీ జవాబుపత్రంలో రెంటినీ ఒకటి చెయ్యకండి. స్పినోజా వెనక ఒకే ద్రవ్యం అన్న సిద్ధాంతం ఉంది, మీమాంసకుల వెనక వేదప్రామాణ్యం ఉంది.

ఒక మాట పరిభాష గురించి. ఈ ముగ్గురినీ తెలుగు పుస్తకాల్లో ‘హేతువాదులు’ అంటారు. మన దగ్గర హేతువాదం అంటే దేవుణ్ణి, మూఢనమ్మకాలను ప్రశ్నించే ఉద్యమం గుర్తొస్తుంది. డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్ ముగ్గురూ దేవుడికి రుజువులు రాసినవాళ్ళే (స్పినోజా దేవుడు వేరే రకం అనుకోండి). అందుకే నేను బుద్ధివాదులు అంటాను.

ఇక లాక్. ‘మానవ అవగాహన గురించి వ్యాసం’ 1689 చివర్లో వచ్చింది, ముఖపత్రం మీద 1690 అని ఉంటుంది. జ్ఞానమంటే భావాల మధ్య పొందికనో, పొసగకపోవడాన్నో చూడటమే అన్న వాక్యం నాలుగో భాగం మొదట్లోది. మీ ఆక్షేపణ కూడా అక్కడే, నాలుగో అధ్యాయంలో ఉంది. లాక్ స్వయంగా వేసుకున్నాడు: అలాగైతే పూనకం వచ్చినవాడి దర్శనాలూ, తెలివిగలవాడి తర్కమూ సమానమే కదా, గాలిలో మేడలు కూడా జ్ఞానమే కదా అని.

జవాబు రెండు ముక్కలు. గణితంలోనూ నీతిలోనూ భావాలే మూలాలు, అవి బయట దేనికో నకళ్ళు కావు, కాబట్టి అక్కడ పేచీ లేదు. వృత్తం ఎక్కడా లేకపోయినా వృత్తం గురించిన జ్ఞానం నిజమే. బయటి వస్తువుల సంగతికొస్తే, తెలుపు, చేదు లాంటి సరళ భావాలను మనసు తనంతట తాను పుట్టించుకోలేదు, కాబట్టి బయట ఏదో వాటిని కలిగిస్తోంది. కల అంటారా, గాజు కొలిమిలో చెయ్యి పెట్టి చూడమంటాడు.

ఈ జవాబు చాలదు. బాధ కూడా ఒక భావమే, దాని ద్వారా బయటికి దూకలేం. కానీ లాక్‌ను ఇక్కడ ఆపేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. డెకార్ట్‌కు లేనిది లాక్‌కు ఉన్నది ఇంకొకటి: జ్ఞానం చాలా కొంచెమేనని, మన బతుకంతా సంభావ్యత మీదే నడుస్తుందని ఒప్పుకునే ధైర్యం. ఒంటబడుతుందని రుజువయ్యేదాకా అన్నం ముట్టనన్నవాడు కూర్చుని చావడం తప్ప చేసేదేమీ ఉండదంటాడు. మనలో వెలిగించిన దీపం మన అవసరాలకు సరిపడా వెలుగుతోంది, అది చాలు అంటాడు. ఆ కాలంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. అందరూ రేఖాగణితం అంత నిశ్చయం కావాలని పట్టుబడుతున్న రోజులవి.

లాక్ తర్వాతి స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ గురించి రెండే ముక్కలు, ఎందుకంటే ఆయనకు విడిగా ప్రశ్న వస్తుంది. ఇంద్రియాలు నమ్మదగినవని చూపించడానికి దేవుడి సత్యసంధతను ఆశ్రయించడం చాలా చుట్టుదారి అని 1748లో రాశాడు. బయటి లోకాన్నే ఒకసారి సందేహించాక దేవుణ్ణి రుజువు చేసే దారి మాత్రం ఎక్కడ మిగులుతుంది అన్నది ఆయన ప్రశ్న. మీ చక్రం ప్రశ్నకు ఇది సూటిగా పనికొస్తుంది. రేపు సూర్యుడు ఉదయించడన్న మాటలో కూడా వైరుధ్యం లేదు అన్నది రెండోది. లైబ్నిజ్ ఇచ్చిన వైరుధ్యపు గీటురాయి జరిగే విషయాల దగ్గర ఎందుకు పనిచెయ్యదో ఆ ఒక్క వాక్యం చెప్తుంది.

చదవాల్సిన వరుస అడిగారు. మూడో ధ్యానం మొదటి నాలుగు పేరాలు, రెండో జవాబులు, నాలుగో ఆక్షేపణల్లో దేవుడి గురించిన భాగం, దానికి జవాబు. తర్వాత లాక్ నాలుగో భాగంలో ఒకటి, రెండు, నాలుగు, పదకొండు అధ్యాయాలు. టైమ్ ఉంటే పదిహేనో అధ్యాయం తప్పకుండా చదవండి. అందులో సయాం (నేటి థాయిలాండ్) రాజు కథ ఉంది. మా దేశంలో చలికాలంలో నీళ్ళు గట్టిపడి మనుషులు వాటి మీద నడుస్తారు, ఏనుగు ఉంటే దాన్ని కూడా మోస్తాయి అని డచ్చి రాయబారి చెప్తే, ‘ఇన్నాళ్ళూ నువ్వు పెద్దమనిషివని ఎన్ని వింతలు చెప్పినా నమ్మాను, ఇప్పుడు మాత్రం అబద్ధమాడుతున్నావని ఖాయంగా తెలిసింది’ అన్నాడట ఆ రాజు. మంచు ఎన్నడూ చూడని రాజు అలా అనడం సబబేనా కాదా? సబబే అయితే, ఆయన ‘తెలిసింది’ అన్నది అబద్ధమైంది కదా? ఈ రెండు ప్రశ్నలకూ పుస్తకం మూసి సొంతంగా ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.